వారానికి నాలుగు గంటలు, అందులో రెండు బాకీలకే

ప్రశ్న: నాకు 37 ఏళ్లు. ఉద్యోగం, ఇద్దరు చిన్నపిల్లలు. కాలేజీ రోజుల్లో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ ఆట తిండీ నిద్రా మానేసి ఆడేవాణ్ని. మధ్యలో ఎనిమిదేళ్లు ముట్టుకోలేదు. ఆరు నెలల క్రితం పాత స్నేహితులు పిలిస్తే మళ్లీ మొదలుపెట్టాను. మంగళవారం, శనివారం రాత్రి పిల్లలు పడుకున్నాక రెండేసి గంటలు ఆడతాను. అంతకుమించి కుదరదు, కుదుర్చుకోవాలని కూడా లేదు. వాళ్లంతా రెయిడ్లలో (పెద్ద గుంపుగా కలిసి బాస్‌లతో చేసే యుద్ధాల్లో) ఎక్కడో ఉన్నారు, నేను వాళ్ల గేర్‌కి, అంటే ఆయుధాలకీ కవచాలకీ, దరిదాపుల్లో కూడా లేను. లాగిన్ అయితే చాలు, వారం రోజుల పనులు పేరుకుపోయి ఉంటాయి. అవి తెమిలేసరికి నిద్రొస్తుంది. పోయినవారం మా గిల్డ్ (ఆటలో మా జట్టు) లీడర్ "నువ్వు ఉన్నట్టా, లేనట్టా?" అని అందరి ముందూ అడిగేశాడు. ఇంత తక్కువ టైముతో ఇలాంటి ఆటలు ఆడి ఆనందించడం అసలు అయ్యే పనేనా? మానేయమంటారా?
(పేరు వద్దు)

సమాధానం:

మీ ఉత్తరంలో నాకు గుచ్చుకున్న మాట "పనులు పేరుకుపోయి ఉంటాయి" అన్నది. గిన్నెలు పేరుకుంటాయి, ఉతకాల్సిన బట్టలు పేరుకుంటాయి, ఆఫీసు మెయిళ్లు పేరుకుంటాయి. వాటిని ఇవాళ వదిలేస్తే రేపు మనకే తిప్పలు. గేమ్‌లో డైలీ క్వెస్ట్, అంటే ఆ రోజుకి ఇచ్చిన చిన్న పని, వదిలేస్తే ఏమవుతుంది? రీసెట్ టైముకి అది మాయమైపోయి, దాని చోట అలాంటిదే ఇంకోటి వచ్చి కూర్చుంటుంది. ఆరు రోజులు లాగిన్ కాకపోతే ఆరు రోజుల డైలీలు మీ నెత్తిన పడవు, ఆ రోజువి మాత్రమే ఉంటాయి. మీరు ఎవరి దగ్గరా అప్పు తీసుకోలేదు. అయినా ఠంచనుగా వాయిదాలు కడుతున్నారు. ఉన్న నాలుగు గంటల్లో కనీసం రెండు వాటికే పోతున్నాయని నా అంచనా.

మీరడిగినదానికి జవాబు ముందే చెప్పేస్తాను: అయ్యే పనే. నేను చాలా ఏళ్లుగా వారానికి మూడు నుంచి ఐదు గంటలతో నెట్టుకొస్తున్నాను. నెట్టుకొస్తున్నాను అన్నది మొదటి రెండేళ్ల మాట. అప్పుడు నాదీ మీ పరిస్థితే. ఆ తర్వాత నుంచి హాయిగా ఆడుతున్నాను. ఆ రెండేళ్లలో ఏం మారిందీ అంటే టైము మారలేదు, లెక్క మారింది.

లెక్క అంటే ఏమిటో గ్రేట్ వాల్ట్‌తో, అంటే వారానికోసారి బహుమతి ఇచ్చే పెట్టెతో చెబుతాను, ఎందుకంటే మీలాంటివాళ్లని పరుగులు పెట్టించడంలో దాన్ని మించింది లేదు. వారంలో మీరు పూర్తిచేసిన మిథిక్ ప్లస్ డంజియన్లను (ఐదుగురు కలిసి టైమర్‌తో పోటీపడి దాటే గుహల్ని) బట్టి, రీసెట్ అయ్యాక ఆ పెట్టెలో గేర్ కనిపిస్తుంది కదా. ఒక్క డంజియన్ చేస్తే ఒక వస్తువు చూపిస్తుంది. 4 చేస్తే రెండు, 8 చేస్తే మూడు. చూపించడం వరకే, తీసుకోనిచ్చేది మాత్రం ఎప్పుడూ ఒక్కటే. గ్రూపు కుదుర్చుకోవడంతో కలిపి డంజియన్‌కి 45 నిమిషాలు వేసుకుందాం. ఎనిమిదింటికీ 6 గంటలు. మొదటి ముప్పావు గంటకే ఒక వస్తువు ఖాయమైపోతుంది. మిగతా ఐదుంబావు గంటలూ కష్టపడితే రెండో వస్తువు రాదు. మూడింటిలో నచ్చింది ఏరుకునే వీలు వస్తుంది, అంతే. వారానికి 20 గంటలు ఆడేవాడికి ఆ వీలు ముఖ్యమే కావచ్చు. నాలుగు గంటల మనిషి దానికోసం తాపత్రయపడటం నాకు అర్థం కాదు. నేను వారానికి ఒక్క డంజియన్ చేసి, పెట్టెలో ఏది వస్తే అది తీసుకుని, దణ్ణం పెట్టి వెళ్లిపోతాను. పనికిరానిది వచ్చిన వారాలు బోలెడున్నాయి. రానీ.

ఈ రకం ఆటల్లో పైమెట్లు ఎప్పుడూ ఖరీదే. ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ అనే ఇంకో ఆన్‌లైన్ ఆటలో ఇది పచ్చిగా కనిపిస్తుంది. అక్కడ ఒక స్కిల్ 99కి చేరాలంటే 1,30,34,431 ఎక్స్‌పీ (అనుభవ పాయింట్లు) కావాలి. అందులో సగం ఏ లెవెల్‌కి పూర్తవుతుందో తెలుసా? 92కి. 50 దగ్గరో 70 దగ్గరో అనుకుంటాం. మొదటి 92 లెవెళ్లకి పట్టిన కష్టమంతా మళ్లీ చివరి ఏడింటికి పడాలి. మీ స్నేహితులు ఇప్పుడు ఉన్నది ఆ చివరి ఏడు మెట్ల మీద. వాళ్లకీ మీకూ మధ్య గంటల్లో ఉన్న దూరం పెద్దది, ఆటలో చూడగలిగే చోట్ల లెక్కన చూస్తే చాలా చిన్నది. పైగా వార్‌క్రాఫ్ట్‌లో వాళ్లు ఈ సీజన్ అంతా చెమటోడ్చి తెచ్చుకున్న గేర్ స్థాయి, తర్వాతి సీజన్ మొదలయ్యాక చాలా సులువైన పనులకే దొరుకుతుంది. ఆలస్యంగా వచ్చేవాడికి ఈ ఆటలో డిస్కౌంటు ఉంది, వాడుకోండి.

అలాగని ఆటలు చేసేవాళ్లంతా మనల్ని గంటల తరబడి కూర్చోబెట్టాలనే చూస్తారనుకోకండి, అక్కడా రెండు మనసులు ఉంటాయి. 2004లో వార్‌క్రాఫ్ట్ విడుదలకు ముందు, పరీక్ష దశలో, ఎక్కువసేపు ఆడితే పాత్ర అలిసిపోయి ఎక్స్‌పీ తగ్గిపోయే పద్ధతి పెట్టారు. ఆడేవాళ్లు మండిపడ్డారు. అప్పుడు డిజైనర్లు ఆ పద్ధతినే తిరగేశారు. తగ్గిన ఎక్స్‌పీకి మామూలు ఎక్స్‌పీ అని పేరు పెట్టారు, విశ్రాంతి తీసుకుని వచ్చినవాడికి రెట్టింపు ఇస్తున్నామన్నారు. జనం సంబరపడ్డారు. అదే ఇవాళ్టి రెస్టెడ్ ఎక్స్‌పీ. సత్రంలోనో నగరంలోనో లాగ్ ఔట్ అయితే ప్రతి 8 గంటలకీ లెవెల్‌లో 5 శాతం చొప్పున పోగవుతుంది, లెవెలున్నర దగ్గర ఆగుతుంది. నిండటానికి పది రోజులు పడుతుంది. శత్రువుని చంపినప్పుడల్లా రెట్టింపు ఎక్స్‌పీ. రోజూ ఆరు గంటలు ఆడేవాడు దాన్ని నిండనివ్వడు. శనివారం నుంచి మంగళవారం దాకా సత్రంలో పడుకునే మీ పాత్రకి అది దండిగా ఉంటుంది. కొత్త పాత్రని పెంచుకోవాలనుకుంటే, ఆట పక్షపాతం చూపించేది మీవైపే. అడవి మధ్యలో లాగ్ ఔట్ అయితే మాత్రం ఆ పోగు నాలుగో వంతు వేగంతో జరుగుతుంది, కాబట్టి సత్రానికి వెళ్లి పడుకోండి.

ఇక మీ మంగళవారం రాత్రి గురించి. మీరు రాయలేదు గానీ, నాది ఎలా గడిచేదో చెబుతాను, పోలికలుంటే చూసుకోండి. తొమ్మిదింటికి కూర్చునేదాన్ని. అప్‌డేట్ డౌన్‌లోడ్ అవుతుండేది, ఇరవై నిమిషాలు. లోపలికి వెళ్తే ఆ ప్యాచ్ దెబ్బకి యాడాన్లు (ఆటకి అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు) పనిచేసేవి కావు. వాటిని ఒక్కొక్కటే సరిచేసేసరికి తొమ్మిదీ నలభై. బ్యాగులు నిండి ఉండేవి. ఏది అమ్మాలి, ఏది దాచాలి అన్న మీమాంస. అంతలో క్వెస్ట్ పట్టీ తెరిస్తే అందులో పాతిక ఉండేవి, ఒక్కటీ గుర్తుండేది కాదు. నేనెందుకు ఈ చెరువుగట్టు మీద నిలబడి ఉన్నాను? ఈ బటన్ ఏం చేస్తుంది? ఎవడీ ముసలివాడు, వీడికి ఈ పెట్టె ఎందుకివ్వాలి? ఒక రాత్రి గడియారం చూస్తే పదీ యాభై. ఆ రాత్రంతా ఒక్క రాక్షసుణ్ని కూడా కొట్టలేదు. ఊరికే అలిసిపోయి పడుకున్నాను.

తక్కువ టైము ఉన్నవాడి అసలు శత్రువు ఇదే. గ్రైండ్, అంటే ఒకే పని పదేపదే చేయడం, అనుకుంటాం గానీ, దానికంటే ముందు మర్చిపోవడం ఉంటుంది. రోజూ ఆడేవాడు నిన్న ఆపిన చోట నుంచి మొదలుపెడతాడు. మనం ప్రతిసారీ ఊరికి కొత్తగా వచ్చినట్టు దారి అడుక్కుంటూ మొదలుపెడతాం.

దీనికి నేను చేసింది చాలా చిన్న పని. కీబోర్డు పక్కన ఒక పాత నోట్‌బుక్ పెట్టాను. ఆట ఆపే ముందు చివరి పది నిమిషాలు సర్దుడుకి. బ్యాగులు ఖాళీ చేయడం, కవచాలు బాగుచేయించుకోవడం, సత్రానికి చేరడం, ఆపైన నాలుగు ముక్కలు రాసుకోవడం. మొన్నటి పేజీలో ఇలా ఉంది: "కొండకింద సత్రంలో ఉన్నా. గుహలో మూడో బాస్ మిగిలింది, ఎర్ర వలయంలో నిలబడకూడదు. కొత్త హీల్ నాలుగో బటన్‌లో పెట్టా, వేలికి ఇంకా అలవాటు కాలేదు. శనివారం: గుహ మాత్రమే." ఇది చదవడానికి పావు నిమిషం. తర్వాతిసారి లాగిన్ అయిన రెండో నిమిషానికల్లా గుహ ముందు ఉంటాను. చివర్లో పది నిమిషాలు పెడితే ముందు నలభై మిగులుతాయి. అప్‌డేట్లు, యాడాన్ల గొడవ కూడా ఆట రోజున పెట్టుకోకండి. సోమవారం ఏదో వేళ లాంచర్ తెరిచి వదిలేస్తే దానంతటదే డౌన్‌లోడ్ అవుతుంది. యాడాన్లు మూడుకి తగ్గించండి. ముప్ఫై యాడాన్లు పెట్టుకునేది వాటిని సరిచేసుకునే తీరిక ఉన్నవాళ్లు.

క్వెస్ట్ పట్టీ మొత్తం తుడిచేయండి. అవును, మొత్తం. మరీ కావాల్సినవి మళ్లీ దొరుకుతాయి. పాతికలో ఏదో ఒకటి చేద్దామని కూర్చున్న రోజు ఏదీ చెయ్యం.

ఇప్పుడు మీరు కాసేపు ఆట పక్కనపెట్టి ఆలోచించాల్సింది ఒకటుంది: ఆ కాలేజీ రోజుల్లో మీకు అంతగా నచ్చింది ఏమిటి? 1978లో ఎసెక్స్ యూనివర్సిటీలో రాయ్ ట్రబ్‌షాతో కలిసి మొట్టమొదటి మడ్ (చాలామంది కలిసి అక్షరాలతోనే ఆడే ఆట) తయారుచేసిన రిచర్డ్ బార్టిల్, 1996లో ఆటగాళ్లని పేకముక్కల్లా నాలుగు జాతులుగా విడదీశాడు. డైమండ్లు పాయింట్లు, లెవెళ్లు, గేర్ కూడబెట్టేవాళ్లు. ఇస్పేట్లు తవ్వేవాళ్లు, ఆ గోడ వెనక ఏముంది, ఈ మంత్రం నీళ్లలో పనిచేస్తుందా అని చూసేవాళ్లు. ఆటీన్లు కబుర్లకోసం వచ్చేవాళ్లు. కళావర్లు పక్కవాణ్ని కొట్టి ఆనందించేవాళ్లు. ఇలాంటి విభజనలు మరీ నమ్మేయక్కర్లేదు, మనలో నాలుగూ తలాకాస్త ఉంటాయి. కానీ నాలుగు గంటల మనిషికి ఇందులో ఒక కిటుకు ఉంది. ఈ నాలుగింటిలో గంటలు విపరీతంగా మింగేది డైమండ్ ఒక్కటే. కబుర్లకి గేర్ అక్కర్లేదు. గోడ వెనక చూడటానికి వాల్ట్ నిండక్కర్లేదు. మీ ఉత్తరం మళ్లీ చదివాను. "పాత స్నేహితులు పిలిస్తే" మొదలుపెట్టానన్నారు. పిలిచింది ఆటీను, మీరు ఆడుతున్నది డైమండు. ఇరుకు అక్కడే ఉంది.

అందుకే నా సలహా, మీ రెండు రాత్రుల్నీ వేరు చేయండి. ఒక రాత్రి మనుషులకి, ఒక రాత్రి మీకు. రెండూ ఒకే రాత్రి కుక్కితే రెండూ చెడతాయి.

మనుషుల రాత్రి గురించి మాట్లాడాలంటే మీ గిల్డ్ లీడర్ దగ్గరికి వెళ్లాలి. ఆయన అందరి ముందూ అలా అడగడం బాగోలేదు. కానీ ఆయన వైపు కూడా ఒకసారి చూడండి. మిథిక్ రెయిడ్‌కి, అంటే అన్నిటికంటే కష్టమైన రకానికి, సరిగ్గా 20 మంది కావాలి. 19 మంది వస్తే ఒక మనిషి లోటుతో ఓడిపోవాలి, 21 మంది వస్తే ఒకరిని కూర్చోబెట్టాలి. మీరు వస్తారో రారో తెలియకపోతే ఆయన ఆ సాయంత్రం ఎవరినో వెతుక్కోవాలి. ఆయన్ని విసిగించింది మీ గంటలు తక్కువవడం కాదనుకుంటాను. అవి ఎన్నో ఆయనకి తెలియకపోవడం. అంతకంటే సులువైన నార్మల్, హీరోయిక్ రెయిడ్లలో ఈ బాధ లేదు. 10 నుంచి 30 మంది దాకా ఎందరున్నా బాస్ బలం తనంతట తానే సర్దుకుంటుంది. ఒకరు ఎక్కువైనా, మధ్యలో ఒకరు వెళ్లిపోయినా కొంపలు మునగవు. మీ చోటు అక్కడ ఉంది.

ఆయనకి విడిగా ఒక మెసేజ్ పెట్టండి. మాట తడుముకుంటారేమోనని నేనే రాసిస్తున్నాను, మీ యాసలోకి మార్చుకోండి: "అన్నా, నాకు వారానికి రెండు రాత్రులే కుదురుతుంది. మంగళవారం తొమ్మిది నుంచి పదకొండు దాకా తప్పకుండా ఉంటాను, పదకొండుకి వెళ్లిపోతాను. మిథిక్‌కి నన్ను లెక్కలో వేసుకోవద్దు. మంగళవారం నార్మల్ గానీ, ఊరికే డంజియన్లు గానీ ఉంటే పిలువు. రాలేని వారం ముందురోజే చెబుతాను." ఇందులో క్షమాపణ లేదు, గమనించారా. పిల్లల సంగతి, ఉద్యోగం సంగతి, ఆరోగ్యం సంగతి ఏకరువు పెట్టొద్దు. కారణాలు చెప్పేకొద్దీ ఎదుటివాడికి వాటిని తూచే అవకాశం ఇచ్చినట్టు. రాగల టైము చెప్పండి, అది నిలబెట్టుకోండి. నెలకి నాలుగుసార్లు చెప్పిన టైముకి వచ్చేవాడు ఏ గిల్డ్‌కైనా ముద్దే. రోజూ వస్తానని రెండ్రోజులు వచ్చేవాడితోనే తలనొప్పి.

ఆయన కుదరదంటే? అప్పుడు ఆ గిల్డ్ మీకు సరిపడదు, స్నేహితులు మాత్రం స్నేహితులే. గిల్డ్ మారినా చాట్ ఎక్కడికీ పోదు. ఇంకో గిల్డ్ చూసుకునేటప్పుడు వాళ్లు సరదా గిల్డా, సీరియస్ గిల్డా అని అడగొద్దు, అందరూ సరదా అనే చెప్తారు. "ఒకవారం నేను రాకపోతే ఏమవుతుంది?" అని అడగండి. నవ్వి "ఏమవుతుంది, మళ్లీ వారం వస్తావు" అన్నవాళ్ల దగ్గర చేరిపోండి.

మీ రాత్రి, అంటే శనివారం, దాని సంగతి వేరు. ఇద్దరు చిన్నపిల్లలున్న ఇంట్లో ఏ నిమిషానికి ఏ గదిలోంచి ఏడుపు వినిపిస్తుందో తెలియదు. టైమర్ నడుస్తున్న మిథిక్ ప్లస్‌లో మరో నలుగురు మనుషుల్ని వదిలి లేచిపోతే వాళ్ల అరగంట కూడా పోతుంది. నేనొకసారి బాస్ సగంలో ఉండగా హెడ్‌సెట్ మెడలో వేలాడుతుండగానే పరుగెత్తాను. హీలర్‌ని, అంటే జట్టు గాయాలు మాన్పాల్సిన మనిషిని, నేనే. తిరిగొచ్చేసరికి ఐదు శవాలు వరసగా పడున్నాయి, చాట్‌లో ఒకటే ప్రశ్నార్థకం. ఆ రోజు నుంచి పిలుపు రాగల రాత్రుల్లో మనుషులతో డంజియన్లు మానేశాను. 2024 జనవరిలో వచ్చిన 10.2.5 ప్యాచ్‌తో ఫాలోయర్ డంజియన్లు మొదలయ్యాయి కదా. మీతో వచ్చే నలుగురూ ఆట నడిపించే పాత్రలే. మీరు లేచి వెళ్లి పిల్లాణ్ని జోకొట్టి అరగంట తర్వాత వచ్చినా కిక్కురుమనకుండా అక్కడే నిలబడి ఉంటారు. అదే ఏడాది ద వార్ విదిన్ అనే విస్తరణతో వచ్చిన డెల్వ్‌లు (చిన్నపాటి గుహ సాహసాలు) ఇంకా నయం. ఒక్కరైనా వెళ్లొచ్చు, ఐదుగురి దాకా కలిసైనా వెళ్లొచ్చు, తొందరగానే అయిపోతాయి, వాల్ట్‌కీ లెక్కకొస్తాయి. ఈ ఆటకి మీరు ఎనిమిదేళ్లు దూరంగా ఉన్నారు గనక, ఒంటరిగా ఆడటమంటే పాత రోజుల్లోలా అడవిపందుల్ని కొట్టుకుంటూ తిరగడమే అనుకుంటున్నారేమో. ఇప్పుడు అలా లేదు.

తెలియని వాళ్లతో జట్టు కట్టించే డంజియన్ ఫైండర్‌లో వెళ్లే రోజుంటే, ఒక చిన్న విషయం. దెబ్బలు కొట్టే పాత్రలతో క్యూలో చేరితే చాలాసేపు ఎదురుచూడాలి, ఎందుకంటే అందరూ అవే ఎంచుకుంటారు. ట్యాంక్‌కీ (శత్రువుల దెబ్బలు తన మీద వేసుకునే పాత్రకీ) హీలర్‌కీ క్యూ చప్పున కదులుతుంది. రెండు గంటల మనిషికి అది పెద్ద లాభం. అయితే ట్యాంక్ దారి తెలిసి ముందు నడవాలి, వారానికోసారి వచ్చేవాడికి దారి గుర్తుండటం కష్టం. హీలర్ వెనక నడుస్తాడు. నేను హీలర్‌ని కాబట్టి ఇలా అంటున్నానని మీరు అనుకుంటే, అది నిజమే.

టైము లేదు కదా, డబ్బుంది కదా అని బూస్ట్‌లు కొనడం (మన బదులు ఇంకొకరితో ఆడించుకోవడం), ఎవరో అమ్మే గోల్డ్ కొనడం జోలికి పోవద్దు. నిజమైన డబ్బిస్తే రెండూ నిబంధనలకి విరుద్ధమే, అకౌంట్ పోవచ్చు. మొదటిదానికి నా అభ్యంతరం ఇంకోటి కూడా ఉంది. ఆడటానికి టైము దొరకడం లేదని బాధపడే మనిషి, ఆడాల్సిన భాగాన్ని తప్పించమని ఇంకొకరికి డబ్బివ్వడం ఏమిటి? సబ్‌స్క్రిప్షన్ విషయంలో మాత్రం డబ్బు లెక్క చూసుకోండి. ఏడాది పొడుగునా కట్టక్కర్లేదు. పరీక్షల నెల, ఆఫీసులో ఊపిరాడని నెల ఆపేయండి. నెల కట్టేశాం కాబట్టి ఆడి తీరాలన్న భావన ఒకటి మెల్లగా పట్టుకుంటుంది, అదీ ఒక బాకీయే.

మానేయమంటారా అన్నారు. ఈ ఆటే కావాలా అన్నది అసలు ప్రశ్న కావచ్చు. వెళ్లిపోయి తిరిగొచ్చినవాణ్ని శిక్షించని ఆటలు ఉన్నాయి. గిల్డ్ వార్స్ 2 వచ్చింది 2012 ఆగస్టులో. అప్పటి నుంచి అక్కడ లెవెల్ పరిమితి 80 దగ్గరే ఉంది. ఆ నవంబరులో తెచ్చిన అసెండెడ్ గేర్‌కి మించిన బలం ఉన్న గేర్ ఆ తర్వాత రాలేదు. పదేళ్ల తర్వాత పెట్టె తెరిచినా చొక్కా సరిపోతుంది. నెల చందా కూడా లేదు. ఈవ్ ఆన్‌లైన్‌లో స్కిల్స్ నిజమైన గడియారం ప్రకారం పెరుగుతాయి, మీరు లాగిన్ అయి ఉన్నా, ఆఫీసు మీటింగ్‌లో ఉన్నా. అయితే ఆ ఆటలో లాగిన్ అయ్యాక జరిగేది మరీ మందకొడిగానో మరీ భయంకరంగానో ఉంటుంది, రెండు గంటల్లో రుచి తెలియడం కష్టం, నాకైతే పడలేదు. సీజన్ అయిపోతే బ్యాటిల్ పాస్ (ఆడేకొద్దీ బహుమతులు ఇచ్చే టిక్కెట్టు) పోతుందన్న బెంగ ఉంటే, హేలో ఇన్ఫినిట్‌లో కొన్న పాస్‌కి గడువు లేదు, హెల్‌డైవర్స్ 2లో అలాంటివే అయిన వార్‌బాండ్లకీ లేదు. గడువు లేని ఆటలో నాలుగు గంటలు నిజంగా నాలుగు గంటలే.

ఫైనల్ ఫాంటసీ 14 నిర్మాత నవోకీ యోషిదా బాహాటంగానే చెబుతూ వచ్చాడు: కొత్త ప్యాచ్ కథ పూర్తయ్యాక వెళ్లి వేరే ఆటలు ఆడుకోండి, తర్వాతి ప్యాచ్‌కి రండి అని. ఆ మాట చెప్పిన ఆటలోనే ఒక గమ్మత్తు ఉంది. అక్కడ ఇల్లు కొనుక్కుంటే, 45 రోజులు గడప తొక్కకపోతే దాన్ని వెనక్కి తీసేసుకుంటారు. అందుకని ఆ ఆటకి వెళితే వెళ్లండి గానీ ఇల్లు మాత్రం కొనకండి.

నా ఓటు మాత్రం మీరు వార్‌క్రాఫ్ట్‌లోనే ఉండటానికి. పిలిచిన స్నేహితులు అక్కడున్నారు. ఏడాదికి మీ దగ్గర 208 గంటలున్నాయి. వాటిలో సగం వాళ్లతో గడిచినా వంద గంటల కబుర్లు. కాలేజీ వదిలాక ఎంతమందితో అంతసేపు మాట్లాడి ఉంటారు?

ఈ మంగళవారం నుంచే మొదలుపెట్టండి. తొమ్మిదికి కూర్చోండి. మ్యాప్ మీద మెరిసే డైలీల గుర్తులు దాచేయండి, ఫిల్టర్లలో తీసేసే వీలుంది. గిల్డ్ లీడర్‌కి ఆ మెసేజ్ ముందే పంపి ఉంచండి. స్నేహితుల్లో ఎవరో ఒకరిని పిలిచి, వాడి మూడో పాత్రనో నాలుగో పాత్రనో తీసుకుని రమ్మనండి. అంత గేర్ పోగేసినవాడికి కచ్చితంగా ఒక చిన్న పాత్ర ఎక్కడో మూలన పడుంటుంది, దాన్ని బయటికి తీయడానికి ఎవరైనా పిలుస్తారా అని వాడూ చూస్తుంటాడు. ఇద్దరూ కలిసి ఒక డెల్వ్‌లోకి దూరండి. పదకొండుకి పది నిమిషాల ముందు సత్రానికి వెళ్లి, మిగిలింది ఏమిటో కాగితం మీద రాసుకుని, కంప్యూటర్ ఆపేయండి.